మంత్రిగారి కారు, రంగు వేసిన ఇంజిన్

ప్రశ్న: అయ్యా, నేను కర్నూలులో మందుల దుకాణం నడుపుతున్నాను. అంబాసిడర్ కారు కొనుక్కోవాలన్నది ఎప్పటి నుంచో ఉన్న కోరిక. ఆదోనిలో మూతపడిన ఒక జిన్నింగ్ మిల్లు షెడ్డులో ఒకటి ఉందని తెలిసి వెళ్లి చూశాను. 1962 మోడల్, మార్క్-1, ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చిందే అని యజమాని చెబుతున్నారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక మంత్రిగారు తిరిగిన కారట. నాలుగున్నర లక్షలు అడుగుతున్నారు. యాభై వేలు బయానా ఇస్తే ఇంకెవరికీ చూపించనన్నారు. ఆర్సీ పుస్తకం చనిపోయిన ఆయన తండ్రిగారి పేరు మీద ఉంది. అందులో 1489 సీసీ, పెట్రోలు అని రాసి ఉంది. నాతో వచ్చిన మెకానిక్ మాత్రం ‘ఇది మధ్యలో డీజిల్ మీద తిరిగిన బండి సార్’ అన్నాడు. ఇంజిన్ అంతటికీ పచ్చరంగు వేశారు. నెంబరు ఎక్కడుందో కనబడలేదు. ఫోటోలు పంపుతున్నాను. డబ్బు ఇచ్చే ముందు అందులో ఉన్నది ఏ ఇంజిన్ అన్నది ఎలా తేల్చుకోవాలి?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, కర్నూలు

సమాధానం: బయానా ఇంకా ఇవ్వలేదు కదా, మంచి పని చేశారు. కొన్నాళ్లు అలాగే ఉండండి.

ముందు మంత్రిగారి సంగతి తేల్చేద్దాం, అది తేలిక. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నది 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 వరకు. ఆ మూడేళ్లలో సగం కార్యాలయాలు గుడారాల్లో నడిచాయని మీ ఊరి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అంబాసిడర్ కారు మార్కెట్లోకి వచ్చింది 1957-58లో. రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన తరువాత పుట్టిన కారులో కర్నూలు మంత్రి ఎలా తిరుగుతారు? పైగా యజమాని తానే 1962 మోడల్ అంటున్నారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో హిందుస్థాన్ మోటార్స్ (అంబాసిడర్ తయారు చేసిన కంపెనీ) అమ్మినది ల్యాండ్‌మాస్టర్. అది 1954లో వచ్చింది, బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్‌కు మన దేశపు రూపం. మంత్రిగారు నిజంగానే ఆ కంపెనీ కారులో తిరిగి ఉంటే అందులో తిరిగి ఉండవచ్చు. యజమాని అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు. పాత కార్లకు ఇలాంటి కథలు ఎవరూ కావాలని అల్లకుండానే అతుక్కుంటాయి. తండ్రి చెప్పినదాన్ని కొడుకు చెబుతాడు. కానీ మీరు కొంటున్నది కారును. ఆ కథ కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

ఇక ఇంజిన్. మీరు నెంబరు కనబడలేదని బెంగపడుతున్నారు. నెంబరు చూడాలి, ఎలా చూడాలో కూడా చెబుతాను. అయితే అంతకన్నా ముందు చూడవలసింది ఇంజిన్ శరీరం. నెంబరు అనేది ఇనుము మీద పంచ్‌తో కొట్టినది, లేదా రేకు పలక మీద కొట్టి రివెట్లతో బిగించినది. దాన్ని గీకవచ్చు, మళ్లీ కొట్టవచ్చు, పలకైతే ఊడదీసి ఇంకో బ్లాకుకు (ఇంజిన్‌కు మూలమైన పోత ఇనుప దిమ్మెకు) తగిలించవచ్చు. పోతపోసిన బ్లాకు ఆకారాన్ని మాత్రం ఏ షెడ్డులోనూ మార్చలేరు. కాబట్టి బ్లాకు ఏ జాతిదో ముందు తేల్చండి, తరువాత నెంబరు దగ్గరికి వెళ్లండి.

అంబాసిడర్ బానెట్ కింద కంపెనీ వాళ్లు పెట్టిన ఇంజిన్లు ప్రధానంగా నాలుగు రకాలు. మొదటి రెండేళ్లలో వచ్చిన కార్లలో 1476 సీసీ సైడ్ వాల్వ్ పెట్రోలు ఇంజిన్ ఉండేది. అందులో వాల్వులు (సిలిండర్లోకి గాలి రావడానికి, పొగ పోవడానికి ఉండే తలుపులు) బ్లాకు పక్కనే ఉంటాయి, హెడ్‌లో, అంటే బ్లాకు పై మూతలో, వాల్వులు ఉండవు. పైనుంచి చూస్తే చదునైన ఇనుప పలక, దాని మీద నిలువుగా నిలబడిన ప్లగ్గులు. 1959లో దాని స్థానంలో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ (వాల్వులు హెడ్‌లోనే ఉండే) ఇంజిన్ వచ్చింది. బ్రిటన్‌లోని బీఎంసీ సంస్థ ‘బీ సిరీస్’ ఇంజిన్ అది. దీనికి హెడ్ పైన పొడవైన రేకు టాపెట్ కవర్, దాన్ని పట్టి ఉంచే రెండు నట్లు ఉంటాయి. మీ మొదటి ఫోటోలో ఆ కవర్, ఆ రెండు నట్లు స్పష్టంగా ఉన్నాయి. అంటే సైడ్ వాల్వ్ కాదు. 1962 కారులో ఓవర్‌హెడ్ వాల్వ్ ఉండడం సరైనదే, అక్కడికి బాగానే ఉంది.

మూడోది డీజిల్. 1980 ప్రాంతంలో అంబాసిడర్‌కు డీజిల్ ఇంజిన్ ఇచ్చారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ డీజిల్ ఇంజిన్ కూడా బీఎంసీ బీ సిరీస్ కుటుంబంలోదే, దాని కొలత కూడా 1489 సీసీయే. కాబట్టి ఆర్సీలో 1489 అని ఉన్నంత మాత్రాన ఏమీ రుజువు కాదు. ఆ పక్కన ఇంధనం గడిలో ఏముందో, బానెట్ కింద ఏముందో రెండూ కలవాలి. డీజిల్ అయితే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) ఉండదు, ప్లగ్ వైర్లు ఉండవు. బదులుగా ఇంజెక్షన్ పంపు, దాని నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే నాలుగు సన్నటి ఉక్కు గొట్టాలు, హీటర్ ప్లగ్గులు కనబడతాయి. నాలుగోది 1990లలో వచ్చిన ఇసుజు ఇంజిన్లు. 1817 సీసీ పెట్రోలు, అయిదు గేర్లు, క్యామ్ షాఫ్టు (వాల్వులను తెరిచే కడ్డీ) హెడ్ పైనే. తరువాత 1995 సీసీ డీజిల్ కూడా వచ్చింది. పాత అంబాసిడర్‌లో ఇసుజు పెట్టించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, నడపడానికి హాయిగా ఉంటుంది కూడా. మీరు చూసిన కారు విషయంలో ఆ అనుమానం అక్కరలేదని రెండో ఫోటో చెబుతుంది.

ఇప్పుడు మీ రెండో ఫోటో. డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నట్టు ఊహించుకోండి. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్, ఆయిల్ ఫిల్టర్ అన్నీ కుడివైపు ఉన్నాయి. కార్బ్యురేటర్, సైలెన్సర్‌కు వెళ్లే మానిఫోల్డు రెండూ ఎడమవైపు ఉన్నాయి. బీ సిరీస్ పెట్రోలు ఇంజిన్ అమరిక సరిగ్గా ఇదే. కాబట్టి జాతి తేలింది: అందులో ఉన్నది బీఎంసీ ఓవర్‌హెడ్ వాల్వ్ పెట్రోలు ఇంజిన్.

తేలనిది వయసు. 1959లో మొదలైన ఈ ఇంజిన్‌నే హిందుస్థాన్ మోటార్స్ చిన్నచిన్న మార్పులతో దశాబ్దాల పాటు తయారు చేసింది. మార్క్-2 వచ్చింది, మార్క్-3 వచ్చింది, మార్క్-4 వచ్చింది, 1990లో నోవా వచ్చింది. గ్రిల్లులు మారాయి, డ్యాష్‌బోర్డు మారింది, పెట్రోలు కారులో ఇంజిన్ కుటుంబం మారలేదు. 1985 నాటి ఇంజిన్‌ను 1962 కారులో దింపితే బోల్టులు ఒక్కటి కూడా మొరాయించవు. బానెట్ ఎత్తి చూసే కొత్తవాళ్లకు తేడా అందదు. మీ ఫోటోలో డైనమో లేదు, ఆల్టర్నేటర్ ఉంది. అది తరువాతి కాలపు వస్తువే, కానీ దాన్నిబట్టి ఇంజిన్ వయసు నిర్ణయించకండి. బ్యాటరీ చార్జింగ్ బాగుండాలని పాత ఇంజిన్‌కే ఆల్టర్నేటర్ బిగించుకున్నవాళ్లు ఎందరో. కార్బ్యురేటర్ కూడా అంతే. బోల్టు విప్పితే ఊడి వచ్చే ఏ వస్తువూ సాక్ష్యం కాదు.

మీ మెకానిక్ మాటకు వద్దాం. ఆయన కన్ను మంచిదే. మీరు కారు కింద నుంచి తీసిన నాలుగో ఫోటో ఒకటికి రెండుసార్లు చూశాను. పెట్రోలు ట్యాంకు దగ్గర రెండు గొట్టాలు ఉన్నాయి. ఒకటి ఇంజిన్ వైపు సాగిపోయింది. రెండోదాన్ని మధ్యలో కోసి, చివరను నొక్కి మూసేశారు. కార్బ్యురేటర్ ఉన్న ఈ కాలపు కారుకు ట్యాంకు నుంచి ఒక గొట్టం చాలు. డీజిల్‌కు మాత్రం ఇంజెక్టర్ల దగ్గర మిగిలిన నూనె వెనక్కి ట్యాంకులోకి రావడానికి ఇంకో గొట్టం కావాలి. ఆ మూసేసిన గొట్టం అదే అయి ఉండాలి. మళ్లీ వెళ్లినప్పుడు ఇంకో మూడు చోట్ల చూడండి. డ్యాష్‌బోర్డులో హీటర్ ప్లగ్గుల స్విచ్చో, ఇంజిన్ ఆపే లాగుడు వైరో ఉండి తీసేసిన గుండ్రటి రంధ్రం ఉందా? బ్యాటరీ పెట్టె పెద్దదిగా మళ్లీ వెల్డింగ్ చేసినట్టుందా? ఇంజిన్‌ను మోసే బ్రాకెట్ల దగ్గర కంపెనీ వెల్డింగ్ కాకుండా చేతి వెల్డింగ్ ముద్దలు ఉన్నాయా? ఇంజిన్‌కు రంగు వేసినవాళ్లు ఈ మూలల దాకా రారు. పైన పటారం లోన లొటారం అన్నది ఇలాంటి చోట్లే బయటపడుతుంది.

ఇది ఆశ్చర్యపోవలసిన విషయం కాదు. డీజిల్ ధర పెట్రోలు కన్నా బాగా తక్కువగా ఉన్న 1980లు, 90లలో రాయలసీమలో పెట్రోలు అంబాసిడర్లు ఎన్నో డీజిల్‌కు మారాయి. మంత్రాలయం, మహానంది, శ్రీశైలం, అహోబిలం బాడుగలకు తిరిగే బండికి పెట్రోలు గిట్టుబాటయ్యేది కాదు. కొందరు బీఎంసీ డీజిల్ పెట్టించారు, కొందరు మటడోర్ వ్యాను ఇంజిన్ పెట్టించారు. ఇప్పుడు పాత కార్లకు గిరాకీ పెరిగింది కాబట్టి అమ్మేముందు డీజిల్ తీసి ఎక్కడో దొరికిన పెట్రోలు ఇంజిన్ దించి, రంగు కొట్టి, ‘కంపెనీ ఇంజిన్’ అంటున్నారు.

అయితే మీ విషయంలో నేను తలుపు పూర్తిగా మూయను. మిల్లు నడిపిన కుటుంబాలు ఇనుమును అంత సులభంగా పారేయవు. డీజిల్ పెట్టించిన రోజున తీసిన పెట్రోలు ఇంజిన్‌ను గోనెపట్టా కప్పి షెడ్డు మూలన పెట్టి, ముప్పై ఏళ్ల తరువాత అదే ఇంజిన్‌ను మళ్లీ ఎక్కించిన ఇళ్లు ఉన్నాయి. ఈ కారు అలాంటిదైతే యజమాని మాట నిజమే అవుతుంది. ‘మధ్యలో డీజిల్ పెట్టించారా? తీసిన ఇంజిన్ ఏం చేశారు?’ అని సూటిగా అడగండి. ‘డీజిలా? ఎప్పుడూ లేదే’ అంటే ట్యాంకు దగ్గరి గొట్టం చూపించండి. ‘అవును, నాన్నగారు పెట్టించారు, పాతది దాచి ఉంచారు’ అంటే వినదగిన మాటే. దాన్ని తేల్చేది నెంబరు. నెంబరుకు నిజమైన పని ఇక్కడే.

బీ సిరీస్ ఇంజిన్‌లో నెంబరు బ్లాకు కుడివైపున, పైభాగంలో, డైనమో ఉండే చోటికి దగ్గరగా వెతకాలి. స్టీరింగ్ కడ్డీ కూడా అటే ఉంటుంది కాబట్టి తల దూర్చి చూడడం కష్టం. చిన్న అద్దం, సన్నటి టార్చి తీసుకెళ్లండి. అక్కడ రంగు, దాని కింద గ్రీజు, దాని కింద ఏళ్ల నాటి దుమ్ము ఒకే పొరగా గట్టిపడి ఉంటాయి. కిరోసిన్‌లో తడిపిన గుడ్డను కాసేపు అదిమి పెట్టండి. మెత్తబడ్డాక చెక్క పుల్లతో గీయండి. వైరు బ్రష్షు, ఎమరీ కాగితం పొరపాటున కూడా తగిలించకండి. నెంబరు మీరే చెరిపినట్టవుతుంది, రేపు రవాణా అధికారి ముందు జవాబు చెప్పుకోవలసిందీ మీరే. శుభ్రమయ్యాక టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు ఇనుముకు ఆనించి పట్టండి. ఎదురు వెలుగులో చదునుగా కనిపించిన చోట పక్క వెలుగులో ప్రతి గీతా నీడతో లేచి వస్తుంది. అప్పుడు పలుచటి కాగితం ఆనించి పెన్సిల్ అడ్డంగా రుద్ది ముద్ర తీసుకోండి. రవాణా శాఖ తనిఖీల్లో చాసిస్ నెంబరుకు తీసే పెన్సిల్ ప్రింటు లాంటిదే.

ఆ ముద్రలో అంకెలు వంకరగా ఉన్నాయని కంగారుపడకండి. ఆ రోజుల్లో పంచ్‌లు కొట్టింది చేతులే, తిన్నగా ఉండాలన్న నియమం లేదు. అనుమానించవలసినవి వేరు. అంకెల చుట్టూ ఇనుము పల్లంగా ఉండడం, గ్రైండింగ్ రాయి చేసిన సన్నటి సమాంతర గీతలు, పాత అంకె ఒకటి కొత్త అంకె కింద దెయ్యంలా తొంగి చూడడం, మిగతా బ్లాకంతా పోత ఇనుము గరుకుదనంతో ఉంటే నెంబరు దగ్గర మాత్రం వెల్డింగ్ నింపిన నునుపు. నెంబరు పలక మీద ఉంటే రివెట్లు చూడండి. అరవై ఏళ్ల రివెట్ల చుట్టూ మురికి నిండి ఉంటుంది. మధ్యలో రంధ్రం ఉన్న కొత్తరకం అల్యూమినియం రివెట్లు ఉంటే ఆ పలక ఇంకెక్కడి నుంచో వచ్చిందని అనుకోవచ్చు. నెంబరు చుట్టుపక్కల బ్లాకు మీద ఉబ్బెత్తుగా పోతపోసిన అక్షరాలు, అంకెలు కూడా ఉంటాయి. అవి పంచ్ కొట్టినవి కావు, అచ్చులోనే వచ్చినవి. వాటినీ ఫోటో తీసుకోండి. అంబాసిడర్లలో చేయి తిరిగిన పాత మెకానిక్‌కు చూపిస్తే తొలినాటి బ్లాకా, తరువాతిదా అన్నది చాలావరకు చెప్పగలుగుతారు. అలాంటివాళ్లు ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల పాత షెడ్లలో ఇంకా ఉన్నారు. వయసు మీరినవాళ్లు, ఫోను కన్నా నేరుగా వెళ్లి కలవడం మంచిది.

ఆర్సీ పుస్తకాన్ని మొదటి పేజీతో వదిలేయకండి. చివరి పేజీలు తిప్పండి. చేతులు మారిన ప్రతిసారీ, అప్పు తీసుకున్న ప్రతిసారీ, కారులో మార్పు చేసిన ప్రతిసారీ అక్కడ ముద్ర, తేదీ పడాలి. ఇంజిన్ మార్పు ఎక్కడైనా నమోదై ఉంటే మీకు సగం పని తప్పినట్టే. నమోదు కాకుండా డీజిల్ పెట్టి, నమోదు కాకుండా తీసేసి ఉంటే పుస్తకం మొదటి నుంచీ పెట్రోలు అనే చెబుతుంది, మధ్యలో ఏం జరిగిందో అందులో ఉండదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు భిన్నమయ్యేలా కారును మార్చకూడదు. ఇంజిన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. అనుమతి లేకుండా మారిన ఇంజిన్‌తో కారు కొంటే ఆ తలనొప్పి కూడా మీ పేరు మీదికి వస్తుంది. ప్రమాదం జరిగినప్పుడు బీమా వాళ్లు మొదట చూసేది ఈ నెంబర్లనే.

మీరు ‘వింటేజ్’ అన్న మాట వాడలేదు గానీ, యజమాని ఆ పేరు చెప్పే ధర పెంచుతున్నట్టున్నారు. 2021లో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన కారునే వింటేజ్‌గా గుర్తిస్తారు. అది కూడా చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటేనే. 1962 కారు వయసు రీత్యా అర్హమే. ఇంజిన్ రీత్యా అర్హమా కాదా అన్నది మీ పెన్సిల్ ముద్ర చెబుతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. వింటేజ్‌గా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం నింపించడానికి, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు, రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. దుకాణానికి వేసుకెళ్లాలన్నా, ఆదివారం పిల్లలను ఓర్వకల్లు రాతివనానికి తిప్పాలన్నా మీకు కావలసింది మామూలు రిజిస్ట్రేషన్, చెల్లుబాటులో ఉన్నది. పదిహేనేళ్ల తరువాత అయిదేళ్లకొకసారి దాన్ని పునరుద్ధరించుకుంటూ రావాలి. షెడ్డులో పడి ఉన్న కారుకు అది ఎన్నడో ఆగిపోయి ఉండవచ్చు. పాత పుస్తకం వివరాలు వాహన్ (రవాణా శాఖ కంప్యూటర్) రికార్డుల్లోకి ఎక్కాయో లేదో కూడా రవాణా కార్యాలయంలో అడిగి రండి. ఎక్కకపోతే ఎక్కించే బాధ్యత అమ్మేవారిదని ముందే రాసుకోండి.

ఇంజిన్ ఏదో తేలితే సరిపోదు, అది బతికి ఉందా అన్నది కూడా చూడాలి. దీని గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. యజమానికి ముందుగా కబురు చేయకుండా వెళ్లండి. వెళ్లగానే టాపెట్ కవర్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చే ముందే ఒకసారి స్టార్ట్ చేశారన్నమాట, చల్లటి ఇంజిన్ ఎంత సతాయిస్తుందో మీకు తెలియనివ్వరు. డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపల నీళ్లు చేరాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పించండి, సాఫీగా తిరగాలి. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తెరవండి. పొగ తెరలు తెరలుగా పైకి తంతుంటే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు, సిలిండర్ బోరు అరిగిపోయాయి. మీ మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజి ఉంటే ఇంజిన్ వేడెక్కాక, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి నాలుగు సిలిండర్లూ కొలిపించండి. అంకె ఎంత అన్నదానికన్నా నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. పదో వంతు కన్నా ఎక్కువ తేడా ఉంటే ఖర్చు పొంచి ఉంది.

మన ప్రాంతానికి సంబంధించినది ఒకటుంది, పుస్తకాల్లో కనబడదు. కోస్తాలో పాత కార్లను తినేది తుప్పు. ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాడీ రేకు బాగానే నిలుస్తుంది. ఇంజిన్‌ను మాత్రం బోరు నీళ్లు తినేస్తాయి. ఏళ్ల తరబడి రేడియేటర్లో బోరు నీళ్లే పోసిన ఇంజిన్‌లో, బ్లాకు లోపలి నీటి దారుల్లో సున్నం గట్టిపడుతుంది. ముఖ్యంగా వెనక సిలిండర్ దగ్గర పేరుకుంటుంది. నీడన నిలబెట్టి అయిదు నిమిషాలు నడిపితే అంతా బాగానే ఉంటుంది, మే నెలలో పత్తికొండ దారిలో మరుగుతుంది. కాబట్టి ఇంజిన్‌ను అరగంటకు తక్కువ కాకుండా నడిపించండి. రేడియేటర్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి లోపలి గొట్టాల మొదళ్లు చూడండి. తెల్లటి పొలుసులు కనబడితే బ్లాకులోనూ అదే ఉంటుంది. బ్లాకు పక్కన వరుసగా ఉండే గుండ్రటి రేకు మూతల దగ్గర తుప్పు చారలు ఉన్నాయేమో కూడా చూడండి. మీ కారులో వాటి మీద కూడా పచ్చరంగు పూశారు. ఆ రంగు ఉబ్బి ఉంటే కింద నీళ్లు ఊరుతున్నాయి.

ఇక ధర మాట. ముద్ర తీసిన నెంబరు ఆర్సీతో కలిసి, చుట్టుపక్కల గీకుడు ఆనవాళ్లు లేకపోతే యజమాని చెప్పింది నిజం. అప్పుడు బేరం ఇంజిన్ ఆరోగ్యం మీద ఆడండి, ఆ కారుకు ఎక్కువ అడగడంలో తప్పు లేదు. నెంబరు కలవకపోయినా శుభ్రంగా ఉండి, ఆ ఇంజిన్ ఎక్కడిదో కాగితం చూపించగలిగితే కారు చెడ్డదేమీ కాదు. నేనైతే అలాంటి కారునే ఇష్టపడతాను. బీ సిరీస్ విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, నడుపుకోవడానికి దానికి లోటు లేదు. కాకపోతే అది ‘కంపెనీ ఇంజిన్ ఉన్న 1962 కారు’ కాదు. ఆ ధర ఇవ్వకూడదు, మార్పును ఆర్సీలో ఎక్కించి ఇచ్చాకే కొనాలి. నెంబరు గీకేసి ఉంటే, లేదా గీకి మళ్లీ కొట్టి ఉంటే బేరం ఆడవద్దు. సగానికి ఇస్తానన్నా వద్దు. అలాంటి ఇంజిన్ దొంగ బండి నుంచి వచ్చిందో, తుక్కుగా రాసిన బండి నుంచి వచ్చిందో చెప్పగలవారు ఉండరు.

ఈ పనులన్నీ చేయడానికి మీకు ఒక పూట పడుతుంది. యజమాని అందుకు ఒప్పుకోకపోయినా, ‘రంగు పాడవుతుంది, గుడ్డ తగిలించవద్దు’ అన్నా జవాబు వచ్చేసినట్టే. ఒప్పుకున్నా బయానా మాత్రం ఇప్పుడే వద్దు. ఆర్సీ తండ్రిగారి పేరు మీద ఉంది కాబట్టి చట్టం దృష్టిలో మీతో బేరమాడుతున్నాయన ఇంకా అమ్మడానికి అర్హుడు కారు. వారసుడిగా ముందు ఫారం 31 పెట్టి కారును తన పేరుకు మార్పించుకోవాలి. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే వాళ్ల సమ్మతి కూడా కావాలి, మిల్లు ఆస్తుల తగాదా ఏదైనా నడుస్తోందేమో మీరే ఆదోనిలో ఒకరిద్దరిని వాకబు చేయండి. కారు ఆయన పేరు మీదికి వచ్చాక ఫారం 29, ఫారం 30 పెట్టి మీ పేరుకు మార్పించుకోవచ్చు. ఆ ఫారం 31 పనికి ఎటూ కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా మీ మెకానిక్‌ను, కిరోసిన్ గుడ్డను, పెన్సిల్‌ను తీసుకుని ఇంకోసారి ఆదోని వెళ్లి రండి. ముద్ర, పోత అక్షరాల ఫోటోలు నాకు పంపితే చూసి చెబుతాను.